సల్లోళ్లం

మా ఇంటిపేరు చల్ల. అంటే మజ్జిగ. మేడ్చల్‌లో మమ్మల్ని అందరూ సల్లోళ్లనే అంటారు. ఎండాకాలం దారిన పోయేవాళ్లకు తాము అవ్వ అని పిలిచే తన నాయినమ్మ కడవలకొద్దీ మజ్జిగ పోసేదని, అందుకే ఆ పేరు వచ్చిందని నాయిన మాకు చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు.

2013లో తమ్ముడు యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి మా మేనత్తను పిలవాలని నాయిన శామీర్‌పేటకు బయలుదేరాడు. వారమంతా దుండిగల్ కాలేజీలో ఉద్యోగానికి షేర్ ఆటోల్లో తిరిగి నా ఒళ్లు హూనమైంది. ఒక్క ఆదివారమూ పడుకోనివ్వరు కదా అనుకుంటూనే ఆయన వెంట బస్సెక్కాను.

అత్త మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"పోరడు గేటు మీద ఇంటిపేరు రాయిస్తాండు అక్కా. అవ్వ సల్ల పోసిన ముచ్చట అందరికీ చెప్తడట" అన్నాడు నాయిన.

అత్త చేయి ఆగింది.

"పోసుడేంది తమ్మీ? మనకు బర్రె యాడిది? అవ్వనే పొద్దుగాల ముంత పట్టుకొని పటేళ్ల వాకిట్ల నిలబడేది, ఇంత సల్ల పోయమని. గందుకే సల్లామె అన్నరు."

"మరి నాకు గట్లెందుకు చెప్పిన్రు?"

"బడిల పోరలు నవ్వుతున్నరని ఏడ్చుకుంట వస్తివి. అమ్మ అప్పటికప్పుడు గట్ల చెప్పింది. నువ్వు ఏడుపాపినవ్. మల్ల ఎవ్వరం మార్చలే."

తిరుగు బస్సులో నాయినను తమ్ముడికి చెప్తావా అని అడిగితే, "ఏమో బిడ్డా. మస్తు సంబరపడుతాండు" అన్నాడు.

గృహప్రవేశం నాడు తమ్ముడు చుట్టాల ముందు ఆ మజ్జిగ కథ మొదలుపెట్టాడు. నాయిన "గట్ల కాదు బిడ్డా" అని నెమ్మదిగా ఆపి, అసలు సంగతి చెప్పాడు. అవ్వ అడిగి తెచ్చిన చల్లలో జొన్న గటక కలుపుకొనే తన తండ్రి పెరిగాడన్నాడు. తమ్ముడి ముఖం మాడిపోయింది. పనుందని లోపలికి వెళ్లిపోయాడు. చుట్టాలు భోజనాల వైపు కదిలారు. అత్త మాత్రం వచ్చి నాయిన పక్కన కూర్చుంది.

ఆ తర్వాత చాలా రోజులు తమ్ముడు నాయినతో ముభావంగానే ఉన్నాడు. ఒక సాయంత్రం నాయిన నాతో, "అవ్వ అసలు పేరేందో మీ అత్తకు ఫోన్ చేసి అడుగు" అన్నాడు.

అడిగాను.

"ఏమో బిడ్డా, అందరు సల్లామె అనే పిలుస్తుండిరి" అంది అత్త.

ఆ మాటే నాయినకు చెప్పాను. ఆయన తలూపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.