మూడో మిషను మోత

లాన్లు కత్తిరించి బాగుచేసే పనిలో ఆయనకు పందొమ్మిదేళ్ల అనుభవం. గడ్డి కోయడం అయ్యాక నేలమీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, ఎక్కడైనా ఒక్క పరక తలెత్తిందేమోనని చూసేవాడు. కనిపిస్తే జేబులోంచి కత్తెర తీసేవాడు. అందుకే ఆ వీధుల్లో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ ఆయన లెవెలాయన.

వ్యాపారంలో ఉన్నది ముగ్గురే. లెవెలాయన, వ్యాను నడిపే బావమరిది, ఇంట్లో కూర్చుని ఫోన్లెత్తి ఏ రోజు ఏ ఇల్లో రాసిపెట్టే భార్య. ఫోన్లు ఆమె చేతికి ఎప్పుడు వెళ్లాయో ఆయనకు సరిగా గుర్తులేదు. తనే అప్పగించానని మాత్రం గట్టిగా నమ్మేవాడు.

నలభై రెండు ఇళ్ల పని. మిగతా కాలమంతా ఎలాగో గడిచిపోయేది గానీ, ఆకురాలే కాలం వచ్చిందంటే ముగ్గురికీ చుక్కలు కనిపించేవి. బ్లోయరుతో ఆకుల్ని ఊది, ఒకచోట కుప్పవేసి, టార్పాలిన్‌లో మూటగట్టి వ్యానులోకి ఎత్తాలి. మధ్యలో ఒక వాన పడిందా, ఆకులు నేలకు గోడమీది పోస్టర్లలా అతుక్కుపోయేవి. కిందటేడు బావమరిదికి నడుము పట్టేసి పదిరోజులు మంచం దిగలేదు.

"ఈ ఏడు ఆకులు పీల్చే మిషను కొనాల్సిందే," అన్నాడు లెవెలాయన.

ఆయన ఏ పనైనా కొలిచి చేసే మనిషి. రెండు నెలలపాటు భోజనాల బల్లమీద కంచాలకన్నా మిషన్ల బొమ్మల పుస్తకాలే ఎక్కువున్నాయి. తడి ఆకులు ఇరుక్కోకుండా గొట్టం వెడల్పుగా ఉండాలి. పుల్లలు తగిలినా విరగకుండా లోపలి రెక్కలు ఇనుపవై ఉండాలి. నలభై రెండు గేట్ల వెడల్పూ టేపుతో కొలిచి రాసుకున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, మోత తక్కువుండాలి. వీధి చివర ఇంట్లోని రిటైరైన టీచరమ్మ ఒక చీటీ రాసి గేటుకు గుచ్చింది మరి: 'మీ బ్లోయరు మోతకు నా కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. ఇంకోసారి ఇలాగైతే వేరేవాళ్లని చూసుకుంటాను.'

"ఆ మాత్రం చప్పుడుకేనా? మరీ సుకుమారం!" అని ఆరోజు లెవెలాయన నొచ్చుకున్నాడు.

మిషన్ల షాపు పెద్ద రేకుల షెడ్డు. వెనక సిమెంటు నేల. షాపు నడిపే ఆవిడ మెడలో, మోత తగలకుండా చెవులకు పెట్టుకునే మఫ్లు ఎప్పుడూ దండలా వేలాడుతుండేవి. బావాబావమరుదులు వచ్చేసరికి ఆవిడ నాలుగు బస్తాల ఎండుటాకులు నేలంతా పరిచి, మూడు మిషన్లు వరసగా నిలబెట్టింది.

మొదటిది పెట్రోలుది. చేత్తో తోసుకెళ్లేది. అది డుగుడుగుమని మొదలవగానే లెవెలాయన పొట్ట పట్టుకున్నాడు. "బాబోయ్, పేగులు కదిలిపోతున్నాయి! ఆపేయండమ్మా."

రెండోది వ్యానుకు తగిలించేది. ఏనుగు తొండమంత గొట్టం. కుప్పను ఒక్క గుక్కలో మింగేసింది. "ఇది ఫర్వాలేదు. మోతే కాస్త ఎక్కువ," అన్నాడు.

మూడోది బ్యాటరీది. చిన్నది, తేలికది. ఆవిడ తన మఫ్లు చెవులకు ఎక్కించుకుని ఆయనకూ ఒక జత ఇవ్వబోయింది. ఆయన వద్దని చెయ్యూపాడు. ఆవిడ మీట నొక్కింది. ఆకులు చీమలబారులా లేచి లోపలికి వెళ్లిపోతున్నాయి. లెవెలాయనకు వేసవి మధ్యాహ్నం సీలింగు ఫ్యాను తిరిగినంత చప్పుడు మాత్రం వినిపించింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇదీ మిషనంటే! పిల్లి నడిచినట్టుంది. టీచరమ్మ కిటికీ కింద పెట్టినా ఆవిడ నిద్ర చెడదు. ఇదే ఖాయం చేయండి!"

బావమరిది రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని, కళ్లు చికిలించి, చింతకాయ కొరికినవాడిలా నిలబడ్డాడు. ఆఫీసు గదిలో గుమాస్తా లేచి కిటికీ తలుపులు వేసేసుకున్నాడు. షెడ్డు నీడలో పడుకున్న కుక్క అప్పటికే వీధి దాటింది.

"ఏంట్రా ఈ వేషాలు?" అని నవ్వుతూ లెవెలాయన నాలుగడుగులు వెనక్కి వేశాడు, మిషను మొత్తం చూద్దామని.

అంతే. ఎవరో చొక్కా కాలరు పట్టి పక్కకు లాగారు. గుండీలు తెగి ఎగిరాయి. ఆకుల్లో వెల్లకిలా పడ్డాడు. పెట్టెలు మోసుకుంటూ వెనక్కి వస్తున్న ఫోర్క్‌లిఫ్ట్ బండి ఆయన కాలిచెప్పు మీదుగా వెళ్లి ఆగింది. అదృష్టం బాగుండి అందులో కాలు లేదు. బావమరిది చేతిలో ఇంకా కాలరు ముక్క ఉంది.

డ్రైవరు కిందికి దూకాడు. "అక్కణ్ణించీ కూత వేసుకుంటూనే వస్తున్నా కదండీ! చూసుకోవాలి కదా!"

"ఏం కూత?" అన్నాడు లెవెలాయన.

షాపావిడ మిషను ఆపేసింది. ఆయన ఎదురుగా వచ్చి వంగి, ముఖంలోకి చూస్తూ మెల్లగా అంది: "ఇప్పుడు కూడా మోగుతూనే ఉందండీ."

ఆయన బండి వైపు చూశాడు. దాని వెనక చిన్న ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. వెలిగి ఆరుతోంది. అంతకుమించి ఏమీ లేదు.

"ఈరోజు మీకు మిషను అమ్మను," అంది ఆవిడ. "ముందు చెవులు చూపించుకోండి. మీకు నచ్చిందే ఈ మూడింట్లోకీ గోలది. ఈల వేసినట్టు మోగుతుంది. అందుకే ఎవరూ కొనడం లేదు."

వ్యాను బయల్దేరగానే ఆయన అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

బావమరిది స్టీరింగు వదల్లేదు. "నాలుగేళ్లుగా తెలుసు బావా. ఒకసారి అక్క చెప్పబోతే 'నేను ముసలాణ్ణయ్యాననా నీ ఉద్దేశం?' అని ఎగిరావంట. అప్పట్నించి ఎవరం ఎత్తలేదు."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తన ఒంట్లోని సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, తనకు తప్ప!

ఇంట్లో భార్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చిరిగిన చొక్కా, ఒంటికాలి చెప్పు చూసి లేచి నిలబడింది. తమ్ముడు జరిగింది చెప్పాడు. ఆమె ఒక్కసారిగా అందుకుంది.

"నాలుగేళ్లుగా మీతో గొంతు చించుకుని మాట్లాడుతున్నాను. మీరేమో నాకు కోపం ఎక్కువైందని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పారు! ఆవిడ నన్ను బీపీ చూపించుకోమంది. చూపించుకున్నాను కూడా! చెవులు మీవి, పరీక్షలు నాకు!"

ఇంకోరోజైతే ఆయన నవ్వేవాడే. ఇప్పుడు కుర్చీలో కూలబడి, "ఇంకా ఏమేం వినపడట్లేదు నాకు?" అని అడిగాడు.

ఆమె కోపం ఎటో పోయింది. "కుక్కరు కూత. గుమ్మం దగ్గర బెల్లు. నేను వెనకనుంచి పిలిస్తే పిలుపు." చివరగా, "మన మనవరాలు," అంది.

"దానికేం? అది ఉలకదు పలకదు కదా. నెమ్మదైన పిల్ల."

"అది నెమ్మదా! వచ్చిందంటే మీ పక్కన చేరి వాగుతూనే ఉంటుంది. సన్న గొంతు. మీరు పలక్కపోతే కాసేపు మీ మొహంలోకి చూసి, లేచి వంటింట్లోకి వచ్చేస్తుంది."

ఆయన బల్లమీదున్న చిక్కుడుకాయ ఒకటి తీసుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అయిదేళ్ల పిల్ల మాటల్లో తాను ఎన్ని పోగొట్టుకున్నాడో లెక్కే లేదు.

మర్నాడు చెవుల పరీక్షకు భార్య కూడా వెళ్లింది. దూదిగోడల చిన్న గది. చెవులకు హెడ్‌ఫోన్లు. శబ్దం వినగానే చేతిలోని బటన్ నొక్కమన్నారు. మొదట్లో నాలుగైదుసార్లు నొక్కాడు. తర్వాత బొటనవేలు బటన్ మీదే పెట్టుకుని ఎదురుచూశాడు. అద్దం అవతల పరీక్షచేసే అమ్మాయి ఏదో తిప్పుతూనే ఉంది. ఎంతకీ ఏమీ రాదే! బయటికొచ్చి, "మీ మిషను పాడైనట్టుందమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి ఒక కాగితం చూపించింది. గీత మొదట్లో బాగానే నడిచి, తర్వాత నూతిలో దూకినట్టు కిందికి పోయింది.

"లావు చప్పుళ్లు వినగలరు. సన్నవి పోయాయి. బ్లోయరు ఎన్నేళ్లుగా వాడుతున్నారు?"

"పందొమ్మిదేళ్లు."

"చెవులకేమైనా పెట్టుకునేవారా?"

"తలకు టోపీ పెట్టుకునేవాణ్ణి."

"పోయింది తిరిగి రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవాలి."

రెండు వారాలకు చెవి మిషన్లు వచ్చాయి. అవి పెట్టుకుని ఆయన మెట్లు దిగి రోడ్డుమీద కాలు పెట్టగానే వెనకెవరో కాగితాలు నలుపుతున్నట్టు వినిపించింది. గిరుక్కున తిరిగాడు. ఎవరూ లేరు. ఇంకో అడుగు వేశాడు. మళ్లీ అదే. కిందికి చూశాడు. ఎండుటాకులు! పందొమ్మిదేళ్లు మోసిన ఆకులు! వాటికి చప్పుడుంటుందన్న సంగతే ఆయన మరచిపోయాడు. అక్కడే నిలబడి ఒక్కో ఆకునూ తొక్కుతుంటే, దారినపోయేవాళ్లు ఈయనకేమైందని తప్పుకుని వెళ్లారు. భార్య తొందరపెట్టలేదు.

ఆ శనివారం మనవరాలు వాళ్లమ్మతో వచ్చింది. ఆయన పక్కన కూర్చుని ఏదో మొదలుపెట్టింది. "అవునా? తర్వాత?" అన్నాడు. పిల్ల ఠక్కున ఆగి, పెద్దకళ్లు చేసుకుని, "అమ్మా! తాతయ్య మాట్లాడుతున్నాడే!" అని అరుచుకుంటూ లోపలికి పరుగెత్తింది. ఆ అరుపుకు ఆయనే చెవులు మూసుకున్నాడు.

మళ్లీ మిషన్ల షాపుకు వెళ్లారు, ఈసారి ముగ్గురూ. మూడోదాన్ని మరోసారి పెట్టమని ఆయనే అడిగాడు. షాపావిడ మీట నొక్కిందో లేదో, "ఆపండమ్మా ఆపండి!" అని చెవులు పట్టుకుని గోడదాకా పరుగెత్తాడు.

"పిల్లి నడిచినట్టు లేదా బావా?" అన్నాడు బావమరిది.

చివరికి రెండోదే తీసుకున్నారు. అది వ్యానుతోపాటు రోడ్డుమీదే ఉంటుంది, గొట్టం ఒక్కటే లోపలికి వెళుతుంది కాబట్టి గేట్ల కొలతలతో పనే లేకపోయింది. దానితోపాటు రెండు జతల మఫ్లు తీసుకున్నారు. చెవి మిషన్లు తీసి డబ్బాలో పెట్టి, మఫ్లు ఎక్కించాకే ఇంజను. అదీ కొత్త నియమం. కిటికీల కింద మోత తప్పడంతో టీచరమ్మ మరో చీటీ రాయలేదు. మునుపు గేటు దగ్గర ఎన్నిసార్లు పిలిచినా పలక్కపోతే పొగరనుకున్నానని మాత్రం ఒకరోజు ఎదురుపడి చెప్పింది.

ఆ తర్వాత లెవెలాయన బావమరిదిని కూడా పరీక్షకు తీసుకెళ్లాడు. "నాకెందుకు? ఆరోజు ఆ కూత విని నిన్ను లాగింది నేనే కదా?" అని దారిపొడవునా వాడు నవ్వుతూనే ఉన్నాడు. దూదిగోడల గదిలోకి వెళ్లేటప్పుడు కూడా చెయ్యి ఊపాడు.

బయటికి వచ్చేటప్పుడు చేతిలో కాగితం ఉంది. ఎడమ చెవి గీత చివర్లో వంగడం మొదలుపెట్టింది. వాడు దాన్ని తలకిందులుగా తిప్పి కూడా చూశాడు.

"ఇంకా మొదలేనంట. జాగ్రత్తపడితే ఇక్కడితో ఆగుతుందంట," అన్నాడు లెవెలాయన.

వాడు తల ఊపాడు. వ్యాను తాళాలు తీసి బావ చేతిలో పెట్టి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఆరోజు వ్యాను లెవెలాయనే నడిపాడు. ఇంటికి చేరేదాకా బావమరిది ఆ కాగితాన్ని ఎడమ చెవి దగ్గర నలిపి వింటూనే ఉన్నాడు.