పాలు చేపని గేదె

మొన్న వానలో కొత్తపేట రోడ్డు మీద ఒక వ్యాను ఆపించాను. పైన కప్పిన పట్టా విప్పేసరికి లోపలినుంచి వేడిగా ఒక వాసన వచ్చి మొహానికి కొట్టింది. తడిసిన పేడ, తవుడు, ఇనపరేకు మీద కారి పులిసిన పాలు, అన్నీ కలిసిన వాసన. మా కానిస్టేబుళ్ళు ముక్కులు మూసుకున్నారు. డ్రైవరు కాగితాలు చేతిలో పట్టుకుని నా వెనకే తిరుగుతున్నాడు. నేను ఆ కాగితాలు అందుకోకుండా టార్చి తీసుకుని ఒక్కో గేదె పొదుగూ చూసుకుంటూ పోయాను. "ఏం వెతుకుతున్నారండీ మేడంగారూ?" అని కొత్తగా వచ్చిన కుర్రాడు అడిగాడు. ఏం చెప్పను? అది రోడ్డు మీద నిలబడి, వానలో తడుస్తూ చెప్పే సంగతి కాదు. భీమేశ్వరరావు గారిని చూసినవాళ్ళు ఇప్పుడు డిపార్టుమెంటులో ఎంతోమంది లేరు. చూడనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరగానే నన్ను వేసిన స్టేషన్ అమలాపురం అవతల, కాలవ పక్కన ఉండేది. భీమేశ్వరరావు గారు అక్కడ ఎస్సై. ద్రాక్షారామం వైపు మనిషి. కానిస్టేబుల్‌గా మొదలుపెట్టి పైకి వచ్చినవారు, రిటైర్మెంటుకి దగ్గర పడ్డవారు. ఆ వయసులో ఎవరైనా కాస్త నిదానిస్తారు. ఈయన మాత్రం పొద్దున వచ్చింది మొదలు కాలుగాలిన పిల్లిలా వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేవారు. టీ తెప్పించుకుని తాగడం మరిచిపోయేవారు. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఆయన ఎటు నడిస్తే అటు మొహం తిప్పుతూ మాట్లాడాల్సి వచ్చేది. చేరిన కొత్తలో ఒకసారి నేను, "కూర్చోండి సార్, నాకు చూస్తుంటేనే కాళ్ళు లాగుతున్నాయి" అనేశాను. మా హెడ్ కానిస్టేబుల్, హెడ్డుగారు, హడలిపోయి నా వైపు చూశారు. ఆయన ఆగి, "కూర్చుంటే మర్చిపోతానమ్మా" అని మళ్ళీ నడక మొదలుపెట్టారు. ఏం మర్చిపోతారో అప్పుడు నాకు తెలియలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

చాదస్తం ఉండేది కూడా. చట్టంలో ఉన్నది ఉన్నట్టు జరగాలనేవారు. ఆ పట్టుదల ఒకసారి మా అందరి తలప్రాణం తోకకు తెచ్చింది. వేసవి ముగిసే రోజుల్లో, మా స్టేషన్ పరిధిలోనే ఒక వ్యాను పట్టుకున్నాం. కదలడానికి చోటు లేకుండా గేదెల్ని, దున్నదూడల్ని కుక్కేశారు. జంతుహింస కేసు కట్టాం, వ్యాను స్వాధీనం చేసుకున్నాం. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత పశువులన్నీ కేసు ప్రాపర్టీ అయి కూర్చున్నాయి. దొంగసొత్తు అయితే బీరువాలో పెట్టి తాళం వేస్తాం. గేదెల్ని ఏ బీరువాలో పెడతాం? కోర్టువారు ఎక్కడికి పంపమంటారో తేలేదాకా వాటి మేతా నీళ్ళూ మావే. స్టేషన్ వెనక పాత బందెలదొడ్డి ఉంది. పూర్వం పంటచేలో పడ్డ పశువుల్ని బంధించేవారట అందులో. దానికి కొబ్బరాకులు కప్పి అందులో కట్టేశాం. తుపాకీ పట్టడం నేర్చుకుని వచ్చిన నేను పచ్చగడ్డి మోపులు మోశాను.

వాటిలో చాలామట్టుకు వట్టిపోయిన గేదెలే. ఒక్కటి మాత్రం పాడిగేదె. పొదుగు బిగిసిపోయి, కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడేది. పాలు పిండుదామని హెడ్డుగారు చెంబు పట్టుకొచ్చారు. ఎస్సైగారు చెయ్యి అడ్డుపెట్టారు.

"ఆగండి. గేదె కేసు ప్రాపర్టీ అయినప్పుడు పాలు ఎవరివండీ?"

"పాలు పాలేనండీ, ఎవరివో అయితే ఏమవుతుందండీ?" అన్నారు హెడ్డుగారు.

"రేపు అవతలి లాయరు, స్టేషనంతా మా గేదె పాలతో టీ తాగేరంటే ఏం చెబుతారు? ఒకసారి కోర్టులో అడుగుదాం."

అడిగి, జవాబు తెచ్చుకుని, పాలు పిండి, దూడలకి పోయండి అని ఆయన అనేసరికి ఒక రోజు గడిచిపోయింది. అప్పటికి గేదె మొండికేసింది. చెయ్యి వేస్తే తన్నేది. పొదుగు నిండా పాలున్నాయి, చేపడం లేదు. బిడ్డ నోరు తగిలితేనో, అలవాటైన చెయ్యి తగిలితేనో తప్ప గేదె పాలు కిందికి దించదు కదా. సూదిమందు పొడిస్తే క్షణంలో చేపుతుందని ఎవరో అన్నారు. "నిషేధించిన మందుని స్టేషన్లోనే పొడుస్తామా?" అని ఎస్సైగారు ఆ మనిషి మీద విరుచుకుపడ్డారు.

సత్యవేణి వచ్చింది అప్పుడే. కాలవగట్టు మీద ఒంటరిగా ఉండే మనిషి. కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి వచ్చి ఆ గేదెని కొనుక్కుంది. పాలు పోసుకుని బతుకుతోంది. చావిడిలో కట్టిన గేదె తెల్లారేసరికి లేదట. మా దగ్గర గేదెలున్నాయని తెలిసి పరుగెత్తుకుంటూ వచ్చింది. దొడ్డి బయటినుంచే చూసి, "అదేనండి నాది" అంది. వ్యానుతో పట్టుబడ్డ వ్యాపారి మాత్రం అన్నీ సంతలో కొన్నవేనని చీటీ చూపిస్తున్నాడు. ఆమె గేదె చెవికి నంబరున్న పోగు లేదు. పశువుల ఆస్పత్రివాళ్ళు పోగులు వేసిన రోజు ఆమె కూలికి పోయిందట. సాక్ష్యానికి రమ్మంటే ఇరుగుపొరుగు స్టేషన్ గడప తొక్కం అన్నారు. నల్లగేదెని నాదని ఎలా రుజువు చేస్తారు?

"నీ గేదె అయితే నీ చేతికి చేపుతుంది. పిండి చూపించమ్మా" అన్నారు ఎస్సైగారు.

నాకు ఆ మాట ఎంత నచ్చిందో. కాగితాలూ సాక్షులూ లేకుండా ఒక్క ముక్కలో తేల్చేశారే అనుకున్నాను. సత్యవేణి మాత్రం ఒక్క క్షణం ఆగింది. ఏదో అనబోయి, గోడ మీద అంటించిన జంతుహింస చట్టం పోస్టరు వైపు చూసి, నోరు మూసుకుంది. చెంబు తీసుకుని గేదె పక్కన గొంతుక్కూర్చుంది. పొదుగు నిమిరింది, నీళ్ళు చల్లింది, ఏదో పేరు పెట్టి పిలిచింది. గేదె ఆమెని తన్నలేదు. కాని చేపలేదు. చూడటానికి పోగైన జనం గొణుక్కోవడం మొదలుపెట్టారు. వ్యాపారి మీసం దువ్వుకున్నాడు. చాలాసేపు చూసి ఎస్సైగారు, "కాదమ్మా. ఇది నీది కాదు. వెళ్ళు" అన్నారు. ఆమె లేచి, చెంబు కడిగి పక్కన బోర్లించి, "ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయింది.

అదే మాట కాగితం మీద పెట్టి కోర్టుకి పంపించేశారు. పశువులన్నిటినీ గోదారి అవతలి గోశాలకి తరలించమని ఉత్తర్వు వస్తుందనుకున్నాం. ఇక మాకు గడ్డి మోసే బాధ తప్పిందని నేను లోలోపల సంతోషించాను కూడా. ఎస్సైగారు మాత్రం ఆ సాయంత్రం వరండా అరిగేలా తిరిగారు. నా బల్ల ముందు ఆగి, "అమ్మాయ్, అబద్ధమాడి దొరికిపోయినవాళ్ళు ఏం చేస్తారు?" అన్నారు.

"అరుస్తారండి. దెబ్బలాడతారండి."

"ఈవిడ చెంబు కడిగి వెళ్ళింది" అన్నారు. మళ్ళీ నడక మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్నే నన్ను జీపు ఎక్కమన్నారు. ఆడమనిషి ఇంటికి వెళ్తున్నాం కాబట్టి నేనుండాలన్నారు. ఎందుకు వెళ్తున్నామో ఆయనకే సరిగ్గా తెలియదనుకుంటాను. కాలవగట్టు మీద తాటాకు పాక, పక్కనే గేదెకి చిన్న చావిడి. చావిడి తుడిచి ఉంది. కుడితి గోలెం నిండా కుడితి కలిపి ఉంది. కోసుకొచ్చిన పచ్చగడ్డి మోపు విప్పకుండా పెట్టి ఉంది. గేదె లేని ఇంట్లో కుడితి ఎవరికి కలుపుతారు? ఆయన ఆ గోలెం వైపు చూస్తూ నిలబడ్డారు. నేను అటూ ఇటూ చూస్తూ మూలనున్న కొబ్బరాకులు పక్కకి లాగాను. కింద ఒక దూడ పడుకుని ఉంది. ఉలిక్కిపడి వెనక్కి గెంతాను. అది కదలలేదు. చచ్చిన దూడ తోలులో ఎండుగడ్డి కూరి, పొట్ట కింద గోనెదారంతో కుట్టిన బొమ్మ అది. తల్లి నాకి నాకి వీపు మీద వెంట్రుకలు ఊడి నున్నబడి ఉంది.

సత్యవేణి పాకలోంచి పరుగున వచ్చి మా ఇద్దరి కాళ్ళ మీద పడబోయింది. "కేసు పెట్టకండి బాబూ. ఈనిన వారానికే దూడ పోయింది. అందరూ సూదిమందు పొడవమన్నారండి. పాపమని నేను పొడవలేదండి. దీన్ని ముందు పెడితే నాకుతా పాలు ఇచ్చేదండి. తోలు దాచుకుంటే పశువుని హింసపెట్టినట్టేనని, జైల్లో వేస్తారని అన్నారండి."

"ఎవరన్నారమ్మా?"

"మీ గోడ మీదే ఉందన్నారండి."

ఇది తీసుకొస్తే జైలు, తేకపోతే గేదె పోతుంది. రెంటి మధ్యా నిలబడి ఆ మనిషి వట్టి చేతులతో పిండటానికి కూర్చుంది. నిషేధించిన మందు వద్దనుకున్నది ఆమె. చట్టానికి భయపడ్డదీ ఆమే. నాకు ఏడుపొచ్చింది. మా గోడ మీద ఆ పోస్టరు అంటించింది నేనే.

ఎస్సైగారు వంగి, ఆ గడ్డిదూడని రెండు చేతులతో ఎత్తుకుని జీపు దగ్గరికి నడిచారు. ఖాకీ చొక్కా నిండా ఎండుగడ్డి, తోలు కంపు. జీపులో కూడా ఒళ్ళోనే పెట్టుకున్నారు. స్టేషన్ ముందు దిగుతుంటే మా హెడ్డుగారు ముక్కున వేలేసుకున్నారు. దొడ్డిలో ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిదూడని గేదె మూతి ముందు పెట్టి పట్టుకున్నారు. గేదె వాసన చూసింది. గొంతులోంచి సన్నగా ఒక శబ్దం చేసి నాకడం మొదలుపెట్టింది. దూడనీ నాకింది, పట్టుకున్న ఎస్సైగారి చెయ్యీ నాకింది. సత్యవేణి చెంబులో మొదటి ధార పడ్డ చప్పుడు అందరం విన్నాం. మూడు చన్నుల్లోంచి పాలు వచ్చాయి. నాలుగోదాంట్లోంచి చీము, నెత్తురు వచ్చాయి. సత్యవేణి చెయ్యి ఆగిపోయింది.

పశువుల డాక్టరుగారు వచ్చి చూసి, పాలు నిలవుండిపోయి పొదుగువాపు వచ్చిందన్నారు. "ఒక్కరోజు ముందు పిండి ఉంటే నిలిచేదండి. ఆ చన్ను ఇక పోయినట్టే" అన్నారు. పాలు ఎవరివని అడగడానికి కోర్టుకి వెళ్ళిన రోజు మా అందరికీ గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఆయన కోర్టుకి వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని. గోశాలకి పంపే ఉత్తర్వు మీద ఇంకా సంతకం పడలేదు. మేజిస్ట్రేట్ గారు ముందు రోజు ఈయన పంపిన కాగితం చూపించి, "ఇది మీరు రాసిందే కదా?" అన్నారు.

"నేను రాసిందేనండి. తప్పు రాసేనండి. పరీక్ష నేనే పెట్టేను, అది పరీక్షే కాదండి" అన్నారు ఆయన. జరిగిందంతా చెప్పారు, చన్ను పోయిన సంగతితో సహా. అది చెప్పక్కర్లేదు, ఎవరూ అడగలేదు. వెనక బెంచీల్లో లాయర్లు నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చెవికి అదేం ఎక్కినట్టు లేదు. సత్యవేణి గేదెని మాత్రం ఆమె కస్టడీకి ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. దొంగతనం కేసు విడిగా నడిచింది. అది వేరే కథ.

గేదెని అప్పగించడానికి ఆయనే స్వయంగా పలుపు పట్టుకుని కాలవగట్టు దాకా నడిచారు. గడ్డిదూడని నేను మోశాను. చావిడిలో కట్టేశాక సత్యవేణి గేదె మెడ మీద చెయ్యి వేసి, "మూడు చన్నులు చాలండి, గడిచిపోతుంది" అంది. ఆ మాటలో కోపం వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

భీమేశ్వరరావు గారు పోయి చాలాకాలమైంది. నేనిప్పుడు ఆయన కూర్చోవలసిన కుర్చీ లాంటిదాంట్లోనే ఉన్నాను. ఎవరి అర్జీ అయినా కాదని పంపిస్తే ఒకసారి వాళ్ళ ఇంటి దాకా వెళ్ళి వస్తాను. చాలాసార్లు నేను కాదన్నదే సరైనదని తేలుతుంది. కొందరు మొహం మీదే తలుపు వేస్తారు. మేడంగారికి పనిలేక ఊళ్ళు తిరుగుతున్నారని స్టాఫు వెనకాల నవ్వుకుంటారు, నాకు తెలుసు. వెళ్ళకపోతే మాత్రం ఆ రోజు అన్నం సహించదు.

ఆ రోజు చావిడి ముందు వెళ్ళొస్తామని చెప్పాక కూడా ఆయన కదల్లేదు. సత్యవేణిని అడిగారు. "నేను కాదన్నప్పుడు ఎందుకు ఊరుకున్నావమ్మా? నాదేనని ఇంకోసారి అనొచ్చు కదా."

ఆమె ఆయన వైపు ఆశ్చర్యంగా చూసింది. "మీరే కాదన్నాక ఇంకెవర్ని అడుగుతానండీ?" అంది.