మధ్య గదిలో నలభై నిమిషాలు

మా అల్లుడు గారి ఇల్లు దోహాలో, ఐన్ ఖాలిద్ అనే పేటలో. ప్రతి శుక్రవారం, జుమ్మా నమాజు ముగిసిన గంటకు, ఆ ఇంట్లో ఆరుగురు పెద్దమనుషులు చేరి ఒక అంతరిక్ష నౌక గురించి పోట్లాడుకుంటారు. ఆ నౌక ఎక్కడా లేదు. ఎవరో సీరియల్‌గా తీశారు. నాలుగు సీజన్లు, సీజన్‌కు పది ఎపిసోడ్లు, మొత్తం నలభై.

ఈ చెప్పబోయే గొడవ నాటికి నేను దోహా వచ్చి ఏడు నెలలు. మొదటి ఎనిమిది శుక్రవారాలు టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాను. తొమ్మిదో శుక్రవారం అల్లుడు గారు, "ఇంజిన్ ఆగింది మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో," అన్నారు. "అయిదులో," అని వంటింట్లోంచి నోరు జారాను. వాళ్ళు టీవీ పెట్టి చూశారు. అయిదే.

నేను బందరులో వాతావరణ పరిశీలన కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి, సాయంత్రం అయిదున్నరకు ఒకసారి థర్మామీటరు చూసి పుస్తకంలో రాయడం నా పని. ఆ పని చేసిన మనిషి ఇంట్లో అందరూ డ్యూటీకి వెళ్ళాక సీరియల్ చూస్తే ఉత్త చేతులతో చూడదు. ఎపిసోడ్‌కు ఒక పేజీ చొప్పున నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఏ నిమిషంలో ఏమైంది, ఎవరు ఏ తలుపు మూశారు, తెర మీద ఏ అంకె కనిపించింది. నలభై ఎపిసోడ్లూ రెండేసి సార్లు చూశాను.

ఆ ఆరుగురిలో అల్లుడు గారు కెప్టెన్. అంటే, ఖతర్‌లో ఉన్న తెలుగు అభిమానులు అరవై ముగ్గురి వాట్సాప్ గ్రూపుకు ఆయన అడ్మిన్. ఏ వాదన నిలుస్తుందో, ఏది వీగిపోతుందో చివరి మాట ఆయనది. ఆఫీసులో ఆయన మీద నలుగురు మేనేజర్లున్నారు. ఈ గ్రూపులో పైన ఎవరూ లేరు. అందుకే ఆ పదవంటే ఆయనకు ప్రాణం.

ఆయనకు ఎదురు నిలిచేది ఒక్కడే, నిజామాబాద్ నుంచి వచ్చిన ఏసీ టెక్నీషియన్. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, మాతో తెలుగు, తన క్రూతో హిందీ. మిగతా నలుగురిలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేట నుంచి వచ్చే భార్యాభర్తలు ఒక జంట, వాళ్ళ పక్క వాటాలో ఉండే బ్రహ్మచారులు ఇద్దరు.

గొడవ రెండో సీజన్ ఆరో ఎపిసోడ్ మీద వచ్చింది. అందులో నౌకను చల్లబరిచే యంత్రం చెడిపోతుంది. ఆరుగురు సిబ్బంది ఒక చిన్న గదిలో చిక్కుకుంటారు. నలభై నిమిషాల తరువాత యంత్రం బాగవుతుంది. అప్పుడు గోడ మీది తెరలో ముప్పై ఒకటి డిగ్రీలు కనిపిస్తుంది. మొదట్లో ఇరవై నాలుగు.

"గిదంత ఝూట్," అన్నాడు టెక్నీషియన్. "ఆరుగురు మనుషులు, బంద్ గది. ముప్పై ఒకటి దాటాలె. రాసినోనికి ఏసీ అంటే ఏందో తెల్వదు."

"బయటంతా అంతరిక్షం భాయ్. మంచుకన్నా చల్లగా ఉంటుంది. వేడి బయటికి పోదా?" అన్నారు అల్లుడు గారు.

"ఎట్ల పోతదన్నా? బయట గాలే లేదు గద. ఫ్లాస్క్‌ల చాయ్ పోస్తే చల్లగయితదా? నీకు ఆఫీసుల ఏసీ రిమోటు తెలుసు, నాకు ఏసీ తెలుసు."

బ్రహ్మచారులు నవ్వారు. అల్లుడు గారి చెవులు ఎర్రబడ్డాయి. తన గ్రూపులో, తన ఇంట్లో, తన సోఫాలో కూర్చుని ఒకడు అంత మాటన్నాక ఊరుకుంటారా?

"అయితే చేసి చూద్దాం. మా మధ్య గదికి బయటి గోడ లేదు, కిటికీ లేదు. మనమూ ఆరుగురమే. ఏసీ ఆపి నలభై నిమిషాలు కూర్చుందాం. ముప్పై ఒకటి దాటితే కెప్టెన్ నువ్వే. దాటకపోతే ఏసీ సంగతి ఇంకెప్పుడూ ఎత్తకూడదు."

"పక్కా?"

"పక్కా."

ఆగస్టు నెల. బయట నలభై మూడు. వీళ్ళలో ఎవరికీ జ్వరం లేదని నాకు ఖాయంగా తెలుసు.

థర్మామీటరు దగ్గర ఇంకో పేచీ వచ్చింది. టెక్నీషియన్ తన బ్యాగులోంచి డిజిటల్‌ది తీస్తే అల్లుడు గారు వద్దన్నారు. అల్లుడు గారు ఫోనులో ఏదో చూపిస్తే టెక్నీషియన్ వద్దన్నాడు. నేను నా గాజు థర్మామీటరు తెచ్చాను. ఉద్యోగం వదిలిన రోజు తోటివాళ్ళు ఇచ్చింది. చీరల మధ్య చుట్టి తెచ్చాను, విమానం వాళ్ళకు చెప్పలేదు.

"పెద్దమ్మ చేతిల ఉంటె నాకు ఓకే. పెద్దమ్మ అల్లునికోసం అబద్ధం రాయదు," అన్నాడు టెక్నీషియన్.

"అత్తయ్య గారైతే నాకూ సరే," అన్నారు అల్లుడు గారు. ఆయన గొంతులో కొంచెం ధీమా వినిపించింది. దాన్ని కూడా గమనించాను.

రెండూ పదికి తలుపు మూసి కింద తువ్వాలు దోపారు. థర్మామీటరు ఇరవై నాలుగు చూపిస్తోంది. పుస్తకం తెరిచి తేదీ, సమయం, గదిలో ఉన్న మనుషుల సంఖ్య రాసి, గీత గీసి మొదలుపెట్టాను.

పది నిమిషాల వరకు సీరియల్ గురించే మాట్లాడుకున్నారు. పదిహేనో నిమిషంలో బ్రహ్మచారులు చొక్కాల పై గుండీలు విప్పారు. ఇరవయ్యో నిమిషంలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి, "ఆ నౌకలో వాళ్ళు ఈపాటికి పాట కూడా పాడారండి," అంది. ఎవరూ పాడలేదు. ఆమె భర్త గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

థర్మామీటరు చూడడానికి ఒక పద్ధతి ఉంది. దగ్గరికి వెళ్ళగానే మన ఒంటి వేడి, మన ఊపిరి దానికి తగులుతాయి. అందుకని ఊపిరి బిగబట్టి ముందు దశాంశం చదవాలి, తరువాత డిగ్రీ. దశాంశమే ముందు మారిపోతుంది కాబట్టి. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే చదివాను, ఆ రోజూ అలాగే చదివాను.

ముప్పై అయిదో నిమిషంలో ముప్పై పాయింట్ నాలుగు. అల్లుడు గారి ముఖం వికసించింది. ముప్పై ఎనిమిదిలో ముప్పై పాయింట్ తొమ్మిది. వాడిపోయింది. నలభైలో లేచి, ఊపిరి బిగబట్టి చూశాను.

"ముప్పై ఒకటి పాయింట్ రెండు."



"అత్తయ్య గారూ," అన్నారు అల్లుడు గారు మెత్తగా, "పాయింట్ రెండంటే లెక్కలోకి రాదు కదండీ. ముప్పై ఒకటనే అనుకోవచ్చు."

"అనుకోవచ్చు బాబూ. రాయడానికి మాత్రం వీల్లేదు."

టెక్నీషియన్ లేచి తడిసిన చొక్కాతోనే అల్లుడు గారిని కౌగిలించుకున్నాడు. "ఫికర్ చెయ్యకన్నా. నిన్ను వైస్ కెప్టెన్ చేస్తా."

అప్పుడే తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి హాస్పిటల్‌లో ఫార్మసిస్టు, ఆ రోజు డ్యూటీ దిగి వస్తోంది. తువ్వాలు కాలితో తోసి మమ్మల్నందరినీ చూసింది.

"ఏంటిది? ఎంతసేపటి నుంచి? ఎంతమంది ఉన్నారిందులో?"

"నలభై నిమిషాలు," అన్నారు అల్లుడు గారు నీరసంగా. "ఆరుగురం."

మా అమ్మాయి వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఏడుగురు కనిపిస్తున్నారు నాకు. మా అమ్మ మనిషి కాదా?"

ఆరుగురూ నా వైపు తిరిగారు. నేను పుస్తకం తిప్పి చూపించాను. పై వరుసలోనే రాసి ఉంది, గీతకు పైన: మనుషులు, ఏడు.

"మీకు ముందే తెలుసా?" అన్నారు అల్లుడు గారు.

"రాసుకున్నాను కదండీ."

"మరి చెప్పలేదేం?"

"ఎవరైనా అడుగుతారేమోనని చూశాను."

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు గారికి మాత్రం ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. పెరిగిన ఏడు పాయింట్ రెండు డిగ్రీలను ఏడుతో భాగించి, ఆరుతో హెచ్చించి, ఇరవై నాలుగుకు కలపమన్నారు. అప్పటికే మార్జిన్‌లో వేసి ఉంచాను. ముప్పై పాయింట్ రెండు.

"దాటలేదు," అన్నారాయన. "నేనే కెప్టెన్."

"గదెట్ల? భాగహారం చేస్తె గది చల్లగయితదా? పందెం కాగితం మీద కాదు, గదిల," అన్నాడు టెక్నీషియన్. "మల్ల చేద్దాం. పెద్దమ్మ బయట కూసుంటది."

"బయట కూర్చుంటే అంకె ఎవరు చదువుతారు? నువ్వా?"

"నువ్వు చదువుతవా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ చదవకూడదని ఇద్దరికీ తెలుసు. ఈ సంగతి తేలేలోపు మా అమ్మాయి ఏసీ రిమోటు తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్ లాగింది. "ఈ ఇంట్లో ఇంకోసారి ఏసీ ఆగితే ఆ సీరియల్ కూడా ఆగుతుంది," అంది.

రెండో ప్రయోగం జరిగే దారి లేదు. మొదటిది చెల్లదు. పాత కెప్టెన్ పందెంలో పదవి ఒడ్డేశాడు, కొత్త కెప్టెన్ గెలవలేదు. అరవై ముగ్గురి గ్రూపుకు దిక్కు లేకుండా పోయింది. అప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అమ్మాయి, "ఇంత గొడవలో ఒక్క తప్పూ చేయని మనిషి ఒక్కరే ఉన్నారు కదండీ," అంది.

మొగవాళ్ళు ముగ్గురు నవ్వారు. ఇద్దరు నవ్వలేదు. కానీ కాదనడానికి ఆ ఇద్దరికీ కారణం దొరకలేదు.

కెప్టెన్‌గా ఉండడానికి నేను ఒక్క షరతు పెట్టాను. ఇక మీదట గ్రూపులో ఎవరు ఏ మాటన్నా సీజన్, ఎపిసోడ్, నిమిషం రాయాలి. రాయకపోతే తీసేస్తాను. సరేనన్నారు. మొదటి వారంలో పద్దెనిమిది మెసేజులు తీసేశాను. అందులో పదకొండు అల్లుడు గారివి, అయిదు టెక్నీషియన్‌వి.

ఆదివారం ఫోన్ వచ్చింది. "పెద్దమ్మా, నేను నిమిషం రాసిన గద. ఎందుకు తీసిన్రు?"

"ఇరవై రెండని రాశావు నాయనా. ఇరవై మూడు."

"ఒక్క నిమిషమే గద."

"అవును, ఒక్క నిమిషమే. సరిచేసి మళ్ళీ పెట్టు."

ఇప్పుడు శుక్రవారాలు ఆ ఇద్దరూ ఒకే సోఫాలో, భుజాలు ఆనించుకుని కూర్చుంటున్నారు. చేతిలో నా నోటు పుస్తకం ఫోటోలు, ఎదురుగా టీవీ. ఆపుతారు, వెనక్కి తిప్పుతారు, గుసగుసలాడుకుంటారు. నా లెక్కల్లో ఒక్క తప్పు పట్టుకుంటే నన్ను దించేయవచ్చని వాళ్ళ ఆలోచనట. మా అమ్మాయి చెప్పింది. మొదటి సీజన్ అయిపోయింది, ఏమీ దొరకలేదు.

రెండో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ పేజీలో ఒకటి ఉంది. పోయిన మంగళవారం నేనే చూసుకున్నాను. వెతకనిస్తున్నాను.