నేను రాసిన నూట నలభై

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం నాతో ఉంది. దాన్ని తలుచుకుని ఏడ్చింది లేదు. వేళకి తింటాను, పడుకోగానే నిద్రపడుతుంది. అదే నాకు అర్థం కాదు. అలాంటి పని చేసిన మనిషికి నిద్ర ఎలా పడుతోంది? మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను గైనిక్ పీజీ రెండో ఏడాది. మూడు నెలలు కోనసీమలోనే ఒక ఆసుపత్రిలో వేశారు. మా ఇల్లు కొత్తపేటలో కాబట్టి హాస్టల్ బాధ తప్పింది. ఆ శనివారం ఓపీలో చివరగా వచ్చినావిడ ఉప్పలగుప్తం వైపు మనిషి. తొలి కాన్పు, తొమ్మిదో నెల, బీపీ ఉంది. భర్త రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడట, గుమ్మం బయట నిలబడ్డాడు.

"బిడ్డ కదులుతోందా అమ్మా?" అన్నాను తలెత్తకుండా.

"ఆయ్."

"బాగానే కదులుతోందా?"

"ఆయ్... అంటే, నిన్నట్నుంచండి..."

"బీపీ మాత్ర మానకండి. వచ్చే శనివారం రండి."

"ఆయ్ అండి."

మా వైపు ఆయ్ అంటే ప్రతిసారీ అవునని కాదు. వింటున్నానండి అనడానికీ ఆయే. పెద్దవాళ్ల మాటకి అడ్డు చెప్పలేకపోయినా ఆయే. వేరే జిల్లా నుంచి వచ్చిన పీజీ అయితే పాపం పొరపాటు పడిందనుకోవచ్చు. నేను ఆ మాట వింటూ పెరిగినదాన్ని. ఆవిడ ఏదో చెప్పబోతోందని నాకు తెలుసు. బల్లమీద డాప్లర్ ఉంది, దానికి రాసే జెల్ అయిపోయింది. సిస్టర్‌ని కేకేసి, జెల్ తెప్పించి, ఆవిడని పడుకోబెట్టి బిడ్డ గుండె వినాలి. ఐదు నిమిషాల పని. కార్డులో గుండె చప్పుడు అన్నచోట, కడుపులో బాగున్న బిడ్డకి మామూలుగా ఉండే అంకె, నూట నలభై అని రాసేశాను. వినకుండా రాశాను.

అలసిపోయానా? అలా అనుకోవాలని చాలాసార్లు చూశాను. పీజీలంటే అందరికీ జాలే కదా, ముప్పై ఆరు గంటల డ్యూటీలు, సగం తిన్న డబ్బాలు, నిలబడే కునికిపాట్లు. అవన్నీ నిజమే, నేనూ పడ్డాను. కానీ ఆ రోజు కాదు. ముందురోజు నాకు సెలవు, ఇంట్లో తొమ్మిది గంటలు నిద్రపోయాను. పనసపొట్టు కూర చేశానని అమ్మ ఫోన్ చేసింది, ఒంటిగంట బస్సు అందుకుందామనుకున్నాను, అంతే. కూరలో ఆవ కొంచెం ఎక్కువైందని అమ్మతో అన్నట్టు కూడా గుర్తుంది.

సోమవారం పొద్దున ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి డాప్లర్ పెట్టాను. చప్పుడు లేదు. స్కాన్‌లోనూ లేదు. కాన్పయ్యాక చూశాను, ఆడపిల్ల. పోయి ఎంతసేపైందో కచ్చితంగా ఎవరూ చెప్పలేకపోయారు. శనివారం నా ముందు కూర్చున్నప్పుడు కడుపులో ఆ పిల్ల బతికే ఉందా? ఉంటే, విని ఉంటే, ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసి బతికించేవాళ్లమా? లేక అప్పటికే పోయిన బిడ్డకి నేను గుండె చప్పుడు రాశానా? ఏది నిజమైనా నేను రాసింది మారదు, అయినా ఈ లెక్క ఎందుకు వేస్తుంటానో తెలీదు.

మా పెద్ద మేడం కార్డు చూసి నన్నడిగారు. "బాగా కదులుతోందని చెప్పింది మేడం," అన్నాను. బాగా అన్న మాట నాది. మేడం ఆవిడవైపు తిరిగి, కదలిక తగ్గితే చెప్పాలి కదమ్మా అన్నారు. భర్త కూడా ఆవిడనే చూశాడు. ఆవిడ మంచం మీంచి నావంక చూసి, "మీరు అడిగేరండి. నేనే సరిగ్గా చెప్పలేకపోయేను," అంది.

నేను తలూపాను.

తర్వాత మీటింగులో తల్లికి అవగాహన లేదని తేల్చారు. ఆ అవగాహన కోసం పోస్టరు చేసే పని నాకే ఇచ్చారు. 'బిడ్డ కదలిక తగ్గితే వెంటనే చెప్పండి' అని పెద్ద అక్షరాలతో చేశాను. దానికి ఒక సదస్సులో బహుమతి వచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో దాని గురించే అడిగితే చక్కగా చెప్పాను. ఇప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పోయిన వారం కొత్త పీజీలకి మనసు ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. పొరపాటు జరిగితే మిమ్మల్ని మీరు క్షమించుకోండి అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి బయటికొచ్చాక, మీకెప్పుడైనా పొరపాటు జరిగిందా మేడం అనడిగింది. పెద్దవేం లేవమ్మా అన్నాను.

ఆవిడ ఊరు నాకు తెలుసు. ఆశా కార్యకర్తని అడిగితే ఇల్లు చూపిస్తుంది. వెళ్లలేదు. వెళ్తానని మీకు మాటివ్వను, ఇంకో అబద్ధమవుతుందేమో. ఆవిడ మాత్రం ఇవాళ్టికీ తనే సరిగ్గా చెప్పలేదనుకుంటూ ఉంటుంది. ఆవిడ చెప్పబోయింది. నేను వినలేదు, విన్నానని రాసి, నెపం ఆవిడ మీదకి నెట్టాను. ఇది రాశాక కొంచెం ఊపిరి ఆడుతున్నట్టుంది. అది కూడా నాకే. ఆవిడకేం తెలీదు.