మా జీపుకు కరెంటు ఫ్యాను పెట్టిన ఏడు

మొన్న మా చిన్నల్లుడు కొత్త కారు కొన్న సంబరంలో మమ్మల్ని అరకు తీసుకెళ్ళి, కాఫీ తోటల దగ్గర బండి ఆపి, అందరం దిగిపోయాక కూడా బానెట్ కింద ఫ్యాను గిర్రుమని తిరుగుతూనే ఉంటే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇంజన్ చల్లబడేదాకా అదే తిరిగి అదే ఆగిపోతుంది మావయ్యా, మనం గుర్తు పెట్టుకోవాల్సిన పనే లేదు అని అల్లుడు మురిపెంగా చెప్పాడు. అమ్మాయి తెచ్చిన కాఫీ పక్కన పెట్టేశాను. ఒంట్లో బాగాలేదని ఏదో అబద్ధం చెప్పాను గాని, అసలు సంగతి ఈ పిల్లలకు చెప్పి లాభం లేదు. గేరు రాడ్డుకి అటొక కాలూ ఇటొక కాలూ వేసుకుని ఏజెన్సీ జీపుల్లో తిరిగిన నా ఈడువాళ్ళు మీలో కొందరైనా ఉంటారు కదా, మీకైతే చెప్పుకోగలను.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అప్పటికే పెళ్ళయి జి.మాడుగుల అవతల కొండల్లో కాపురం ఉంటున్న మా అక్క నన్ను మైదానంలో నాన్న దగ్గర్నుంచి తనతో తీసుకుపోయి పెంచింది. బావ మైదానం నుంచి వచ్చి అక్కడ చిన్న కొట్టూ, ఒక డీజిల్ జీపూ పెట్టుకున్నవాడు. పిల్లలు లేని వాళ్ళిద్దరికీ నేనే పిల్లవాణ్ణి. మీసాలు వచ్చేసరికి ఆ జీపు నా చేతికొచ్చింది. వారానికి రెండు సంతలకు, పసుపు మూటలతో, కోళ్ళ గంపలతో, టాపు మీద కూడా మనుషులతో అక్కడి కొండదారి ఘాటీ ఎక్కేవాణ్ణి.

మా ఊరికీ జి.మాడుగులకీ మధ్య ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉండేది. వానాకాలంలో దాని నీళ్ళు బంపరు దాకా వచ్చేవి. అలాంటప్పుడు ఫ్యాను తిరుగుతూ నీళ్ళలో దిగితే రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ని కోసిపారేస్తాయి. అందుకని గట్టున ఆపి, స్పానరుతో బెల్టు తీసేసి, గెడ్డ దాటి, అవతలి గట్టున మళ్ళీ బెల్టు బిగించుకుని ఘాటీ ఎక్కడం మా డ్రైవర్లందరికీ అలవాటు. ఆ బిగింపు అయ్యేదాకా జనం వానలో తడుస్తూ నిలబడి, ఒరే గుంటడా, బేగి కానీరా అని నన్ను ఆడిపోసుకునేవారు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు. విశాఖపట్నంలో పాత సామాన్ల వీధిలో ఏదో చిన్న కారు నుంచి విప్పిన కరెంటు ఫ్యాను కనబడితే తెచ్చేశాను. నాలుగు బోల్టులు విప్పి ఇనప ఫ్యాను పీకేసి, కొత్తదాన్ని రేడియేటర్‌కి బిగించి, స్టీరింగు పక్కన ఒక స్విచ్చు పెట్టాను. బెల్టు జోలికి పోనక్కర్లేదు, గెడ్డ ముందు స్విచ్చు కట్టేయడం, దాటాక వేయడం, అంతే. వేడిని బట్టి దానంతటదే పనిచేసే స్విచ్చు కూడా ఉందని కొట్టువాడు చెప్పాడు. అది గెడ్డ మధ్యలో తిరగడం మొదలుపెడితే కొంప మునుగుతుందని నేనే వద్దన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

బావకు అది నచ్చలేదు. పీకేసిన ఇనప ఫ్యానుకు నూనె రాసి, గోనెపట్టాలో చుట్టి, అటక మీద పెడుతూ ఒకే మాట అన్నాడు.

"బెల్టు ఫేనుకి మన గ్యాపకంతో పన్లేదురా. ఇంజను తిరిగితే అదీ తిరుగుద్ది."

ముసలి మాటలని నవ్వేశాను. అక్క మాత్రం నవ్వలేదు. సంతకి వస్తే ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చునేది. చక్రాలు అవతలి గట్టు ఎక్కాయో లేదో, మాట్లాడుతున్న మాట ఆపేసి మరీ, "ఫేను ఏసినావేట్రా?" అని అడిగేది. నేను వేశాక కూడా అడిగేది. విసుక్కునేవాణ్ణి. ఆమె అడుగుతుందిలే అనే ధైర్యంతోనే నేను గుర్తు పెట్టుకోవడం మానేశానన్న సంగతి నాకప్పుడు తెలియదు.

ఆ శ్రావణంలో అక్కకు చలిజ్వరం వచ్చింది. ఏజెన్సీలో జ్వరం రావడం వింత కాదు కాబట్టి రెండు రోజులు మాత్రలతో గడిపేశాం. మూడో రోజు మధ్యాహ్నం మాట తడబడి, మనుషుల్ని పోల్చుకోలేకపోయింది, ఆపైన ఫిట్సు వచ్చింది. వెనక సీట్లో బావ ఒడిలో తల పెట్టి పడుకోబెట్టి పాడేరు ఆసుపత్రికి బయలుదేరాం. గెడ్డ పొంగి ఉంది. స్విచ్చు కట్టేసి, దేవుళ్ళందరికీ దండం పెట్టి దాటించాను. దాటాక, వెనక్కి తిరిగి తిరిగి అక్క ముఖం చూస్తూ ఘాటీ ఎక్కించేశాను. ముందు సీటు ఖాళీగా ఉంది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

వేడి చూపించే ముల్లు మా జీపులో ఎన్నడో చచ్చిపోయింది. ఫస్టు గేరులో ఆరు మలుపులు ఎక్కామో ఏమో, జీపు బలం తగ్గి మూలగసాగింది, ఆపైన బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. ఇంజన్ పట్టేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ వానకు వేరే బండి ఒక్కటీ రాలేదు. పిచ్చివాడిలా బకెట్టుతో నీళ్ళ కోసం పరుగెత్తి, తిరిగొచ్చేసరికి బావ ముందుకు వంగి స్విచ్చు వైపు చూస్తున్నాడు. అది ఇంకా కట్టేసే ఉంది. ఆయన చెయ్యి చాపి దాన్ని వేశాడు. నా ముఖం చూడలేదు.

మలుపు పైన ఉన్న ఊరివాళ్ళు కర్రకు దుప్పటి కట్టి డోలీ చేసి, ఒకరి భుజం నుంచి ఒకరి భుజానికి మార్చుకుంటూ అక్కను మోశారు. జి.మాడుగుల పొలిమేర చేరకముందే డోలీలో ఆమె ఊపిరి ఆగిపోయింది. నన్ను ఆరేళ్ళప్పుడు చంకనెత్తుకుని ఆ ఘాటీ దాటించిన మనిషిని నేను ఒక్కసారి దాటించలేకపోయాను.

మర్నాడు మైదానం నుంచి మా నాన్న వచ్చి, అసలు బండికి ఏమైందని అందరి ముందూ అడిగాడు. నేను నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు.

"వైరు ఊడిపోనాది మావా. ఆడి తప్పేటీ లేదు."

పదకొండో రోజు అయ్యాక, ఇంజన్ బాగుచేయించి, బావ అటక మీది ఇనప ఫ్యాను దింపి స్పానరు నా చేతికిచ్చాడు, ఇద్దరం కలిసి బిగించాం. నా కరెంటు ఫ్యానుని ఆయన ఏం చేశాడో నేను అడగలేదు. ఆ తర్వాత ఇంకో పాతికేళ్ళు ఒక్క ఇంట్లో ఒక్క కంచం, ఒక్క మంచం అన్నట్టు బతికాం, నా పెళ్ళి చేశాడు, నా పిల్లల్ని ఎత్తుకున్నాడు, మళ్ళీ పెళ్ళి మాత్రం చేసుకోలేదు. అక్క గురించి ఎన్నో మాట్లాడుకున్నాం గాని, ఆ స్విచ్చు మాట మా ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. ఎవరైనా కదిపితే వైరు ఊడింది అనేవాడు. పక్కనే కూర్చుని నేనూ తలూపేవాణ్ణి.

ఇప్పుడు ఆ గెడ్డ మీద వంతెన ఉంది. ఫోను చేస్తే అంబులెన్సు మా వీధి దాకా వస్తోంది. బండ్లకు మన జ్ఞాపకంతో పని లేకుండా పోయింది, మంచిదే, ఎవరి అక్కలైనా బతుకుతారు. నా బాధ బండి గురించి కాదు. బావ పోయి మూడేళ్ళయింది. ఆఖరి నెలంతా మంచం పక్కనే కూర్చుని, రోజూ ఇవాళ చెప్పేద్దామనుకునేవాణ్ణి: వైరు ఊడలేదు బావా, నేను స్విచ్చు వెయ్యలేదు అని. ఆయనకు తెలుసని నాకు తెలుసు. అయినా ఆ మాట నా నోటితో నేను ఒప్పుకుని ఉంటే, ఆయన నన్ను కొట్టేవాడో, నాతో పాటు ఏడ్చేవాడో. ఆ రెండింటిలో ఏదీ నేను దక్కించుకోలేదు.