పెన్‌డ్రైవ్‌లో అక్క పాట

మీ పత్రికలోని ఈ పాఠకుల పేజీకి ఇదివరకే రెండుసార్లు రాశాను. జవాబైనా లేదు. అయినా మళ్లీ రాస్తున్నాను.

ఏలూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, సీడీ డ్రైవ్ లేని ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్కించడానికి ఇంటి కంప్యూటర్‌లో బూటబుల్ పెన్‌డ్రైవ్ చేయబోయాను. భీమడోలు నుంచి వచ్చిన బావగారు తన పెన్‌డ్రైవ్ ఇచ్చారు.

"ఇందులో ఏమన్నా ఉందాండీ? మొత్తం చెరిగిపోద్ది."

"ఏం లేదయ్యా, కానిచ్చెయ్."

కానిచ్చేశాను. మర్నాడు మేనకోడలు ఫోన్ చేసింది.

"మావయ్యా, ఆ పెన్‌డ్రైవ్ జాగ్రత్తండీ. అమ్మ చర్చిలో పాడిన పాట అందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు."

అక్క పోయి అప్పటికి ఏడాది. బావగారికి రెండో పెళ్లి నిశ్చయమై వారం.

ఇప్పటికీ కంప్యూటర్ ఆన్ చేస్తే, తెర వెలిగేదాకా ఆ నిశ్శబ్దంలో అక్క గొంతు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాను.

బావగారూ, ఈ పత్రిక మీ ఇంటికీ వస్తుంది. మరిచిపోయి అన్నారా, తెలిసే అన్నారా? ఇప్పటికైనా చెప్పండి.