పొలిమేర రాయి దాకా

తెల్లవారకముందే లేచి వాకిలికి కల్లాపి చల్లడం కాళియమ్మాళ్‌కు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటు. అమ్మవారిని తలచుకుని, ముఖాన ఇన్ని పసుపునీళ్ళు చల్లుకుని, ఎవర్‌సిల్వర్ బిందె చంకనెత్తుకుని బయటికి వచ్చేది. ఆ ఏడాది ఆ అలవాటుకు చిన్న వంకరొకటి వచ్చి చేరింది. వాకిలి తడిపాక సగం నీళ్ళు బిందెలోనే ఉంచుకుని, తలుపు పక్కన నక్కినట్టు నిలబడేది. వీధి చివర అడుగుల చప్పుడు వినబడగానే ఆ నీళ్ళన్నీ దారికి అడ్డంగా గుమ్మరించేది. వాళ్ళది నల్లరేగడి నేల. కాస్త తడి తగిలితే చాలు, కాలు పెట్టినవాళ్ళను పట్టుకుని వదలదు.

ఆ అడుగులు ఆమె తోడికోడలు జోతిలక్ష్మివి. చీర మీద కొడుకు పాతచొక్కా తొడుక్కుని, కాళ్ళకు బూట్లు వేసుకుని, అరవైకి దగ్గరపడిన ఆ మనిషి లేడిపిల్లలా పరుగెత్తుకుంటూ వచ్చేది. బురద చూసి ఓరగా ఒక్క గెంతు గెంతి, వెనక్కి తిరిగి నవ్వేది.

"ఏమక్కా, నా కోసరం తోవంతా సల్లజేసి పెట్టినావే! నీ చెయ్యి సల్లగుండ!"

ఆ దీవెన వింటే కాళియమ్మాళ్ కడుపులో కుంపటి రాజుకునేది. తిట్టినా బాగుండేది.

ఆ కుళ్ళుకు కారణం లేకపోలేదు. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు కోవిల్‌పట్టిలో ఒకే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేశారు. చెక్క చట్రాల్లో అగ్గిపుల్లలు పేర్చే పని. ఒక ఏడు మేడే నాడు ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల ఆడపిల్లలందరినీ విరుదునగర్ తీసుకుపోయి పరుగుపందెం పెట్టారు. కాళియమ్మాళ్ చెప్పుల్లేని కాళ్ళతో అందరికంటే ముందు పోయి తాడు తెంచింది. ఆమె చంకనెత్తుకునే ఎవర్‌సిల్వర్ బిందె ఆనాటి బహుమతే. అందరికంటే వెనక, పావడా కాళ్ళకు చుట్టుకుని పడుతూ లేస్తూ వచ్చిన పిల్ల జోతిలక్ష్మి. తరువాత ఇద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ములను కట్టుకున్నారు. కాళియమ్మాళ్ పెద్ద కోడలు, జోతిలక్ష్మి చిన్న కోడలు. ఎట్టయాపురం పోయే దారిలోని ఆ చిన్న ఊళ్ళో ఎవరు పరుగు మాట ఎత్తినా, పెద్ద కోడలు పేరే చెప్పుకునేవారు.

చక్కెర జబ్బు వచ్చిందని, నడవమని డాక్టరు చెప్పాడు జోతిలక్ష్మికి. నడక పోను పోను పరుగైంది. కోవిల్‌పట్టిలో పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన అరవిందన్ సారు ఒకనాడు రోడ్డు పక్కన ఆమె పరుగు చూసి, బండి ఆపి, పెద్దవయసు వాళ్ళ పందాలకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. మెడల్ వచ్చింది. తమిళ పేపర్లో ఫోటో పడింది. టీకొట్టు కణ్ణన్ ఆ ఫోటోను కత్తిరించి గోడకు అంటించాడు. ఆనాటి నుంచి కాళియమ్మాళ్ టీకొట్టు ముందు నుంచి పోవడం మానేసి, ఎంత ఎండైనా చుట్టుదారిన పోయేది.

"నా వెనక మన్ను తిన్నది ఇది. ఇప్పుడు గోడకెక్కి కూర్చుండాది," అంది మొగుడు వెంకటసుబ్రమణియన్‌తో.

"నువ్వూ ఉరుకు. ఎవురు వద్దన్నారు? టీకొట్టుకి ఇంకొక గోడ ఉండాది," అన్నాడాయన బీడీ వెలిగించుకుంటూ.

ఆయన వేళాకోళానికే అన్నాడు. ఆమె మనసులో మాత్రం ఆ మాట పాతుకుపోయింది.

మధ్యాహ్నం ఊరు కునుకు తీసే వేళ, జొన్న కోసేసిన చేలోకి పోయి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరుగు మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి బాసింపట్టు వేసుకుని పుల్లలు పేర్చిన మోకాళ్ళు మొదటి రోజే మొండికేశాయి. గట్టు దాకా కూడా పోలేక ముళ్ళకంప పక్కన కూలబడి, ఊపిరి అందక నోరు తెరుచుకుని కూర్చుంది. మేకలు కాసుకునే సెల్వలక్ష్మి చూసి, ఏమీ అడక్కుండా తన నీళ్ళసీసా ఆమె పక్కన పెట్టి మేకల వెంట పోయింది. ఇలాంటి మనుషులను దేవుడు అక్కడక్కడ చల్లి ఉంచుతాడు.

నొప్పితో రాత్రి మూలిగిన మరునాడు గడప దగ్గర మోకాళ్ళ తైలం సీసా ఒకటి కనిపించింది. మొగుడు తెచ్చాడనుకుంది. రోజూ రాసుకుంది, రోజూ పరుగెత్తింది. పడుతూ, తిట్టుకుంటూ, జోతిలక్ష్మి వీపు తన ముందున్నట్టు ఊహించుకుని ఆ వీపును తరుముతూ. ఎండలు ముదిరే పంగుని నెల వచ్చేసరికి చేను చుట్టూ ఆగకుండా తిరిగి రాగలిగింది. పాతబలం కాదు గానీ, పాతకాళ్ళు పాతదారిని గుర్తుపట్టాయి. ఒంట్లో తెలియని తేలికతనం. రాత్రిళ్ళు పడుకుంటే నిద్ర పిలవకుండానే వచ్చేది.

గుడి పండగ ముగిశాక విరుదునగర్‌లో పెద్దవయసు ఆడవాళ్ళ పందెం ఉందని తెలిసి, మొగుడి చేత అరవిందన్ సారుకు ఫోన్ చేయించింది. తన పేరు కూడా రాసుకోమంది. "జోతికి చెప్పొద్దండి సారు," అని మొగుడి చేతిలోని ఫోన్ లాక్కుని మరీ చెప్పింది. విరుదునగర్‌లో, అందరి ముందూ, మళ్ళీ దాన్ని వెనక వదిలిపెట్టాలి. ఆ ఒక్క తలపు మీదే ఆమె బతికింది ఆ నెలంతా.

అప్పుడు చేసింది తప్పు.

ఆ ఊరి అమ్మవారు కాళియమ్మన్ పండగకు ఆడవాళ్ళు కుండల్లో నవధాన్యాలు చల్లి, చీకటి గదిలో మొలకెత్తించి, ఆ మొలకల కుండలు నెత్తిన పెట్టుకుని ఊరేగుతారు. ముళైప్పారి అంటారు. ముందు నడిచే మొదటి కుండ మోయడం పెద్ద మర్యాద. ఆ కుండకు ఒప్పుకున్న మనిషి చేతికి పూజారి పసుపుతాడు కడతాడు. కాపు అంటారు దాన్ని. కాపు కట్టుకున్నాక, మొలకలు నీళ్ళలో కలిపే దాకా ఒంటిపూట తిని, పొలిమేర దాటకుండా ఉండాలి. దాటితే అమ్మకు కోపం వస్తుందని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మెడల్ తెచ్చింది గనుక ఈసారి మొదటి కుండ జోతిలక్ష్మికి ఇవ్వాలని పెద్దలు అనుకుంటున్నారట. ఆ మాట చెవినపడగానే కాళియమ్మాళ్ చేతిలో ఉన్న చింతపండు అలాగే వదిలేసి గుడికి పోయింది.

"మాడన్ పూజారీ, పెద్ద కోడలు నేనుండగా చిన్నదానికి ఇచ్చేది ఏమి మురై, ఏమి న్యాయం? కట్టు నాకి," అని చెయ్యి చాపింది.

పూజారి మాడన్ ముసలాయన. తటపటాయించి జోతిలక్ష్మికి కబురు పంపాడు. ఆమె వచ్చి, "అక్క మోస్తేనే అందం. నేను వెనక కుండ మోస్తా, దానికి కాపు అక్కరలే గదా," అంది. అలా తాడు పడింది.

గెలిచానని ఇంటికొచ్చిన కాళియమ్మాళ్‌కు సాయంత్రం అరవిందన్ సారు ఫోన్ వచ్చింది. మైదానం దొరకలేదట. పందెం ముందుకు జరిపారట. ఈ ఆదివారమే. పండగకు ఇంకా రెండు రోజులుండగానే.

చేతికున్న పసుపుతాడు చూసుకుంది. కాలికి సంకెల వేసుకున్నట్టు అనిపించింది. ఏడవలేదు. నేరుగా తోడికోడలి ఇంటికి పోయింది. జోతిలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని ఉలవలు వేయిస్తోంది.

"నీకి ముందే తెలుసు గదా? అందుకే గదా అంత పెద్దమనసుతో కుండ వదిలినావు?"

"ఏమక్కా చెప్తాండావు?"

"పందెం ఈ ఆదివారమంట. నేను ఇక్కడ తాడు కట్టుకోని కూర్చోవాల. నువ్వు పోయి ఇంకొక మెడల్ తెచ్చుకోవాల."

జోతిలక్ష్మి గరిటె కింద పెట్టింది. "నీ పేరు రాయించినావని నాకి ఇప్పుడే తెలుస్తాండాది. కానీ నువ్వు ఉరుకుతాండావని ఆ మొదటి దినమే తెలుసు. సెల్వలక్ష్మి చెప్పింది. లేకుంటే ఆ తైలం యాడి నుంచి వచ్చిందనుకుంటివి?"

కాళియమ్మాళ్‌కు మోకాళ్ళు ఒక్కసారిగా మండినట్టైంది. ఇన్నాళ్ళూ ఎవరిని ఓడించాలని పరుగెత్తిందో వాళ్ళ తైలంతోనే పరుగెత్తింది.

"రా, పూజారి దగ్గిర పోదాం," అంది జోతిలక్ష్మి లేస్తూ. "ఆ తాడు నాకి కట్టమందాం. నువ్వు పో విరుదునగర్."

పోయారు. మాడన్ పూజారి ఇద్దరినీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఒక చేతి నుంచి తీసి ఇంకొక చేతికి వేసేదానికి ఇది గాజు కాదమ్మా. అడిగి కట్టించుకుంటివి. అమ్మ నిన్ను ఇక్కడ ఉండమంటాండాది. ఉండు."

"అట్లయితే నేనూ పోను," అంది జోతిలక్ష్మి.

"పోకుండా ఉంటే, నా మీద జాలిపడి నిలిచిందని ఊరంతా నిన్నే మెచ్చుకుంటాది. వద్దు తల్లీ, పో!" అని విసురుగా వెనక్కి తిరిగింది కాళియమ్మాళ్. ఆదివారం దాకా ఒంటిపూట తిండి కూడా సయించలేదు. పరుగులోనే కాదు, మంచితనంలో కూడా అది తనకంటే ముందే పోతోంది. దానికి ఏ చేలో సాధన చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

ఆదివారం తెల్లవారుజామున మెయిన్ రోడ్డు మీద, పొలిమేర రాయికి అవతల, అరవిందన్ సారు వ్యాను వచ్చి నిలబడింది. జోతిలక్ష్మి సంచీ కొడుకు ముందే తీసుకుపోయి వ్యానులో పెట్టాడు. ఆమె అలవాటు ప్రకారం పరుగెత్తుకుంటూనే పోదామని వీధిలోకి వచ్చేసరికి, చీర ఎగదోపుకుని, చెప్పుల్లేని కాళ్ళతో కాళియమ్మాళ్ నిలబడి ఉంది.

"ఎల్లరాయి దాకా నేను రావచ్చు గదా. అంతవరకు అమ్మ ఏమనదు. రా, ఉరుకుదాం."

"ఉపాసం మీద ఉండావక్కా..."

"నీకి భయమా?"

జోతిలక్ష్మి నవ్వి బూట్ల తాళ్ళు తీసి, బూట్లు చేతిలో పట్టుకుంది. "ఇద్దురమూ ఒట్టి కాళ్ళతోనే."

పరుగెత్తారు. గుడి దాటారు, టీకొట్టు దాటారు. కణ్ణన్ పాలగిన్నె పట్టుకుని బయటికి వచ్చి, "పెద్దమ్మా, విడవొద్దు!" అని అరిచాడు. జోతిలక్ష్మి వీపు ముందు పోతోంది. ఇది ఊహ కాదు, నిజమైన వీపు. కాళియమ్మాళ్ ఒంట్లో ఉన్న కుళ్ళంతా కాళ్ళలోకి దించి తరిమింది. దూరం తగ్గింది. ఇంకా తగ్గింది. ఊపిరి కొరివిలా కాలింది. పక్కకు వచ్చింది. ముందుకు వచ్చింది. రాయి మీద రెండు చేతులూ వేసి వాలిపోయింది.

వ్యానులో ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అరవిందన్ సారు కిందికి దిగి, "సబాష్ అమ్మా! వచ్చే ఏడు మీరు తప్పకుండా రావాలి," అన్నాడు. విరుదునగర్ నుంచి బిందెతో తిరిగివచ్చిన నాటి నుంచి ఆమె వినాలని కాచుకున్న మాట అదే. చెవిన పడింది. గుండె దాకా దిగలేదు.

పరుగెత్తే మనిషికి వెనక పడే అడుగు చప్పుడు తెలుస్తుంది. చింతచెట్టు దాటాక వెనకటి అడుగు మెత్తబడింది. అలిసి మెత్తబడిన అడుగు తడబడుతుంది. ఇది తడబడలేదు. కావాలని, జాగ్రత్తగా, నిద్రపోయే బిడ్డ పక్కన నడిచినట్టు మెత్తబడింది.

జోతిలక్ష్మి బూట్లు తొడుక్కుంటోంది. ముఖాన ఒక్క చెమట చుక్క కూడా లేదు.

"గెలిచినావక్కా! చూసినావా, నీ కాలు ఇంకా ఆనాటి కాలే!"

కాళియమ్మాళ్ రాయిని వదలకుండా, ఊపిరి కూడదీసుకుంటూ ఆ పొడి ముఖాన్నే చూసింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. జోతిలక్ష్మి రాయి దాటి అవతలికి పోయి వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది.

"జోతీ!"

"ఏమక్కా?"

"నాకొక ఉపకారం చెయ్యి. పండగ అయిపోనీ, ఈ తాడు తీసేసినాక ఇదే తోవలో మళ్ళీ ఉరుకుదాం. ఆ పొద్దు నా మీద జాలిపడి అడుగు తగ్గించొద్దు. చింతచెట్టు కాడ నువ్వు చేసింది నాకి తెలిసింది." రాయి మీది చేతులు తీసి నిటారుగా నిలబడింది. మళ్ళీ అంది. "నిజంగా ఉరుకు. నన్ను వెనక వదిలి పో. నేను కుళ్ళుకునేదానికైనా నిజమైంది ఒకటి ఉండనీ, తల్లీ."